జాజిపందిరి వారి అమ్మాయి

"వీల్లేదంటే వీల్లేదు. ఒకే ఇంటిపేరు వాళ్లకి పెళ్లేంటి? వరసకి అన్నాచెల్లెళ్లవుతారు," అంది రమామణి, చేతిలో జాజులు కడుతూనే.

జూబ్లీహిల్స్‌లో వాళ్ల మేడ మీద, సాయంత్రం పూట. మబ్బు బాగా కిందికి దిగింది. ఎదురుగా బండరాళ్లు పడుకున్న ఏనుగుల్లా ఉన్నాయి.

ఆవిడ కొడుకు రఘునందన్ నవ్వాడు. "అమ్మా, జాజిపందిరి ఇంటిపేరు కాదే, సినిమా పేరు. నేను తీసిన ఆ సినిమాలో తిరుమలేశ్ వేషం వేశాడు, ఇద్దరం దాంతోనే పైకొచ్చాం. అందుకని జనం నన్ను జాజిపందిరి రఘునందన్ అన్నారు, వీణ్ణి జాజిపందిరి తిరుమలేశ్ అన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఇట్లాంటి ఇంటిపేర్లు ఎన్ని లేవు?"

"మన అసలు ఇంటిపేరు నాకు తెలుసురా. ఆయనదేంటో చెప్పమను. ఇంటిపేరే లేని ఇంటి నుంచి పిల్లని తెచ్చుకోను."

మనవడు మౌళి మొహం వాడిపోయింది. వాడు మనసుపడ్డ పిల్ల కౌముది, తండ్రి తిరుమలేశ్ పక్కన తల వంచుకుని కూర్చుంది. కాఫీ అట్లాగే చల్లారిపోతోంది.

"గిప్పుడు గవన్నీ ఎవరడుగుతుండ్రమ్మా?" అన్నాడు తిరుమలేశ్. "బడిలో గూడ పిల్లకు జాజిపందిరి కౌముది అనే రాయించిన."

"నేనడుగుతున్నాను కదా."

తిరుమలేశ్ చిన్నప్పుడెప్పుడో షేక్‌పేట దగ్గర షూటింగ్ చూస్తూ చూస్తూ అక్కడే ఉండిపోయాడు. దానికి ముందు సంగతి ఎవరడిగినా నవ్వి ఊరుకుంటాడు.

"నాన్నా," అంది కౌముది మెల్లగా.

ఆయన కళ్లు సగం మూసుకున్నాడు. జాజుల వాసన గాలికి ఒకసారి వచ్చి పోయింది.

"మేము పొగడపల్లి వారమండీ," అన్నాడు. "ఏటి ఒడ్డున పెంకుటిల్లు. వాకిట్లో పొగడచెట్టు. పొద్దున్నే మా అమ్మ పూలు ఏరుతుంటే, ఆవిడ వెనకాలే గాలికి ఇంకో దోసెడు రాలేవి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏ కోడలూ ఇంతవరకూ కంటతడి పెట్టలేదండీ."

అప్పటిదాకా ఉన్న గిట్లలూ గట్లలూ ఏమైపోయాయో. గొంతే మారిపోయింది. ఆ మబ్బులోంచి పెంకుటిల్లు, చెట్టు, పూలేరే మనిషి కనపడుతున్నట్టే అందరూ అటే చూస్తూ ఉండిపోయారు. కౌముది కూడా నోరు తెరుచుకుని చూసింది, తనకీ కొత్తే అయినట్టు.

రఘునందన్‌కి ఏదో గుర్తొచ్చినట్టుంది. "ఒరే తిరుమలేశ్, ఇది..."

"నువ్వుండరా," అంది రమామణి.

చివరి ముడి వేసి, దారం కొరికింది.

"పొగడపల్లి వారా? ఆ మాట ముందే చెప్పొద్దూ? బాగా తెలిసినవాళ్లే. ఇట్లా రా తల్లీ."

కౌముదిని దగ్గర కూర్చోబెట్టుకుని జాజుల దండ జడలో తురిమింది. మౌళి అప్పుడే ఫోన్ తీశాడు. "పంతులుగారికేనా నానమ్మా?"

"మీ పంతులుగారు ఎక్కడికీ పారిపోరు, కాస్త ఊపిరి తీసుకో," అంది. అందరూ నవ్వారు.

వెళ్లేటప్పుడు తిరుమలేశ్ ఆవిడ కాళ్లకి వంగాడు. లేవలేకపోయాడు, అట్లాగే ఉన్నాడు. రమామణి ఆయన తల మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా చెవిలో అంది:

"జాజిపందిరిలో నీ పెళ్లిచూపుల సీను నాకు కంఠస్థం, నాయనా."