కుర్చీ దిగని మనిషి

బంక నమ్ముకున్న పథకం చూడ్డానికి చాలా చిన్నది. మనిషి కొండ మీద ఉంటాడు, లాప్‌టాప్ ఇంట్లో ఉంటుంది, ఉద్యోగం మాత్రం ఎక్కడికీ పోదు.

బంక అతని అసలు పేరు కాదు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా కుర్చీకి అతుక్కుపోతాడని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. టీవీలూ ఫ్రిజ్‌లూ అమ్మే కంపెనీలో అతను స్టాకు గుమాస్తా. ఇంట్లో కూర్చుని అతను మీట నొక్కితే గానీ గోడౌన్లోంచి లారీ కదలదు. ఇంటి నుంచి పని అంటే ఇంటి నుంచే చెయ్యాలి, ఊళ్ళు తిరుగుతూ దొరికితే ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది అని మేనేజరు మేడం ఖరాఖండీగా చెప్పేసింది. లాప్‌టాప్ గడప దాటితే అదెక్కడుందో ఆఫీసులో ఇట్టే తెలిసిపోతుంది.

అలాంటివాడికి కొండల పిచ్చి ఎక్కించింది బామ్మర్ది. ఉద్యోగం సద్యోగం లేక అక్క ఇంట్లోనే కాలక్షేపం చేస్తున్నాడు.

“బావా, అద్దంలో మొహం చూసుకున్నావా? ఎండ తగలక ముల్లంగిలా తయారయ్యావు. కారేసుకుని ఒక్కడివే అలా కొండల్లోకి వెళ్ళు. నాలుగు రోజులు నడిస్తే మనిషివవుతావు.”

“మరి పనెవడు చేస్తాడ్రా, మీ తాతా?”

“నేనున్నానుగా. నువ్వు ఫోన్లో చెప్పు, నేనిక్కడ నొక్కుతా. మీటింగులంటావా, నీ ఫోన్లోనే కానిచ్చెయ్.”

వంటింట్లోంచి బంక పెళ్ళాం నవ్వింది. “తిన్న కంచం తియ్యడు వీడు. మీ లారీలు తోల్తాడా!”

“బావ కోసం ఏదైనా చేస్తానే అక్కా,” అన్నాడు వాడు. అన్నట్టే మర్నాడు బావకి కొండలెక్కే బూట్లు కొనుక్కొచ్చాడు.

“పుట్టాక వీడు ఒకరికి ఇచ్చింది ఇదే. పదిలంగా వేసుకోండి,” అంది ఆవిడ.

బయల్దేరే రోజు పొద్దున్నే బంక వాడి చెవిలో పాస్‌వర్డ్ ఊదాడు. వాడు బావ చేతులు పట్టుకుని మరీ చెప్పాడు: “ఎవరెంత గుచ్చి గుచ్చి అడిగినా ఒకటే మాట మీద నిలబడు బావా. ఇల్లు కదల్లేదు, కుర్చీ దిగలేదు. తడబడ్డావో, ఉద్యోగం గోవిందా!”

పడకగది నీలం తెర ఒకటి ఊడదీసి కార్లో పడేసుకున్నాడు బంక. పొద్దున మీటింగు వేళకి కారు ఏ చెట్టు కిందో ఆపేవాడు. వెనక సీటుకి తెర కట్టి, దాని ముందు కూర్చుని ఇంట్లో ఉన్నట్టే తలాడించేవాడు. అది అవ్వగానే బూట్లు బిగించి నడక. నడుస్తూనే ఫోను: “ఆ పచ్చది నొక్కు... అది కాదురా, దాని పక్కది!” కాళ్ళు బొబ్బలెక్కాయి, ముక్కు తోలు ఊడింది, అయినా మనసు మాత్రం దూదిపింజలా ఉంది. ఇన్నేళ్ళూ కుర్చీలో ఏం చేశానా అనుకున్నాడు.

మూడోరోజు సరిగ్గా కొండ కొమ్ముకి చేరాడో లేదో, మేడం వీడియో కాల్ చేసింది. మీటింగు వేళ కూడా కాదు. గబగబా సంచిలోంచి తెర తీసి ముళ్ళపొదకి తగిలించి, దాని ముందు రాయి మీద చతికిలబడ్డాడు.

“ఏంటలా రొప్పుతున్నారు?”

“భోజనం కాస్త ఎక్కువైంది మేడం.”

“మొహం కందిపోయిందేంటి?”

“స్క్రీన్ చూసీ చూసీ మేడం.”

గాలికి తెర లేచి అతని నెత్తిన ముసుగేసింది. “ఫ్యాను మేడం, అయిదు మీద పెట్టాను,” అన్నాడు తెర లోపల్నుంచే. వెనకాల మేక ఒకటి గట్టిగా అరిచింది.

“అదేంటి?”

“మా ఆవిడ మేడం. సంగీతం నేర్చుకుంటోంది.”

మేడం నవ్వలేదు. “సూటిగా అడుగుతున్నాను. ఈ మూడు రోజులూ మీరు ఇంట్లోనే ఉన్నారా?”

అయిపోయింది అనుకున్నాడు బంక. ఎవరో చూశారు. చూసి మేడం చెవిన వేసేశారు. బామ్మర్ది మాట గుర్తు తెచ్చుకుని నడుం నిటారుగా పెట్టాడు.

“ఇల్లు కదల్లేదు, కుర్చీ దిగలేదు మేడం.”

“ఇవాళ పొద్దున?”

“లాప్‌టాప్ ముందే ఉన్నాను.”

“దాన్ని ఇంకెవరైనా ముట్టుకున్నారా? ఆలోచించుకుని చెప్పండి. ముట్టుకుని ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి, మీకే మంచిది.”

అమ్మో, ఎంత మెత్తగా వల వేస్తోందీవిడ! బంక లోపల్లోపల నవ్వుకున్నాడు.

“మా ఆవిణ్ణే ఆ గదిలోకి రానివ్వను మేడం. నొక్కిన ప్రతి మీటా నా వేలే నొక్కింది.”

“పాస్‌వర్డ్?”

“నాకూ దేవుడికీ తప్ప తెలీదు. ఆయన కూడా ఈపాటికి మర్చిపోయుంటాడు.”

“ఈ మాట ఎవరి ముందైనా చెప్తారా?”

“ఎవరి ముందైనా చెప్తాను. మా అమ్మతోడు!”

మేడం పెద్దగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వినగానే, హమ్మయ్య, గట్టెక్కాను అనుకుని బంక కాళ్ళు బారజాపాడు.

మేడం పక్కకి తిరిగింది. “విన్నారుగా ఇన్‌స్పెక్టర్ గారూ, పొద్దున రెండు లారీల టీవీలు దొంగ అడ్రసుకి తోలింది తన వేలేనని ఈయనే ఒట్టేసి చెప్తున్నాడు, అక్కడ సరుకు దింపుకుంటూ మీకు దొరికిన ఈయన బామ్మర్ది కూడా పాపం అదే మాట మీద నిలబడ్డాడు కదా, అంతా మా బావే నొక్కాడని!”