గోడ చూడమంటే

సముద్రం మా వీధి చివరికి వచ్చాక మావాళ్లంతా పరాయి దేశాల్లో, కొండల మీద ఇళ్లు కొనుక్కుంటున్నారు. నేనూ మావారు సుదర్శనం గారూ కలిసి పోర్చుగల్‌లో ఒక చిన్న ఇల్లు ఎంచుకున్నాం. దాన్ని తనిఖీ చేయించే రోజుకు ఆయన లేరు.

అక్కడ తనిఖీ యంత్రం ఆ ఇంటి గోడల మీద ఎండ్రకాయలా పాకుతోంది. ఇక్కడ నా వంటింట్లో కూర్చుని నేనూ, చూసిపోదామని వచ్చిన నా తోటికోడలు వైదేహీ ఫోన్లో దాన్ని చూస్తూ దాని మాటలు వింటున్నాం. కొనేది తెలుగువారైతే వాస్తు, గృహప్రవేశం కూడా కలిపి మార్కులు వేయడం దాని పద్ధతి.

"వెనక గోడలో చెమ్మ ఉందా?" అని అడిగాను.

"ఈశాన్యం దివ్యంగా ఉందమ్మగారూ. కొనేవారేమో భర్త పోయినవారు. పాలు పొంగించడానికి దంపతులు లేరు. అందుకని మార్కులు తగ్గించాను. ఈ ఇల్లు మీకు వద్దు."

"దానిదేముంది అక్కయ్యా, పీటల మీద మా ఆయనా నేనూ కూర్చుంటాంలే. మార్కులు కలుస్తాయి," అంది వైదేహి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దాను. అడగని ప్రశ్నకు జవాబు రాసినవాళ్లకు ఏనాడూ మార్కులు వేయలేదు.

"నిన్ను ఇల్లు చూడమన్నాను, నన్ను కాదు. గోడ సంగతి చెప్పు."

యంత్రం గోడను తట్టి చూసింది. "పొడిగానే ఉందమ్మగారూ. కప్పూ గట్టిదే. మరి పీటల మీద కూర్చునేవారిగా ఎవరి పేర్లు రాయమంటారు?"

"నా పేరు ఒక్కటే. కొంటున్నానని కూడా రాయి."

"ఒక్కదానివే కూర్చుంటావా అక్కయ్యా?" అంది వైదేహి కంగారుగా.

"ఒక్కదాన్నే వండుకుంటున్నాను, ఒక్కదాన్నే తింటున్నాను. అప్పుడు ఎవరూ తోడు కూర్చుంటామనలేదే," అన్నాను.