రెండు రోడ్లకు ఒకే పేరు

"ఎవడు రాసిండో చెప్పు సారు. వాని పేరు చెప్తే సాలు, నేను పోత."

కుర్చీ చూపించినా మొండయ్య కూర్చోలేదు. మల్లాపూర్ అవతల ఊళ్లో కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. పొద్దున్నే బస్సెక్కి, కోరుట్లలో కరుణాకర్ ఇల్లు అడుగుతూ వచ్చాడు. కరుణాకర్ కంప్యూటర్ లెక్చరర్. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్ల రోడ్లన్నీ ఇంటర్నెట్ మ్యాపులోకి ఎక్కించే వాలంటీర్లకు, ఎక్కువగా కాలేజీ పిల్లలకు, పెద్దదిక్కు.

"నాలుగు నెలల కింద పసుపు చేన్ల, కాలేజీల సదివే నా బిడ్డ సుస్మితకు పాము కుట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేసినం. కోరుట్ల దాటింది, అచ్చేస్తుంది అన్నరు. పిల్లను ఒళ్లె పండవెట్టుకొని తొవ్వ చూసుకుంట కూసున్న. రాలే."

తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"డ్రైవరు పాత బాటల పడ్డడు. గాడ కల్వర్టు కొట్టుకపోయి మూడేండ్లాయె. మర్లుకొని అచ్చేసరికి ముప్పావు గంట. జగిత్యాల దవాఖాన గేటు కాడ పానం పోయింది. తప్పు నాది గాదు, ఫోన్ల రెండు బాటలకు మల్లాపూర్ రోడ్డనే ఉన్నదని డ్రైవరు ఏడ్సిండు. గీ మ్యాపు మీలాంటోళ్లే రాస్తరట. ఎవరు రాసింది గూడ అండ్లనే ఉంటదట."

"మనోళ్లు ఏ ఊరికి పోయే బాటనైనా ఆ ఊరి పేరుతోనే పిలుస్తరన్నా" అన్నాడు కరుణాకర్ మెల్లగా. "రెండూ మల్లాపూర్‌కే పోతయి. అందుకే ఒక రోడ్డుకు మొదలు నుంచి ఆఖరు దాక ఒక్కటే పేరుండాలె, గదే పేరు ఇంకోదానికి రావద్దు అని నేర్పుతం. ఒక్కోసారి..."

"గవన్ని నాకెందుకు సారు? నాకు సదువు రాదు. నువ్వే సదివి చెప్పు."

కరుణాకర్ మ్యాపు తెరిచాడు. రెండు బాటలు చీలే చోటు వెతికి, పాత బాట మీద నొక్కాడు. చదివి, స్క్రీను తన వైపుకు తిప్పుకున్నాడు. చాయ్ తెచ్చిన భార్య గీత గుమ్మంలోనే ఆగింది.

"నేనే రాసిన అన్నా."

మొండయ్య ఒక్క అంగలో వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. గీత కేక వేసింది. కరుణాకర్ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టు అన్నా."

పైకి లేచిన చెయ్యి కిందికి దిగింది. కాసేపటికి కాలరు వదిలి, నేల మీద కూలబడ్డాడు మొండయ్య.

"నాలుగు నెలల సంది ఎవన్ని తిట్టాల్నో తెల్వక దేవున్ని తిట్టిన. నా పెండ్లాన్ని తిట్టిన, పొద్దుగాల చేనుకు తోలిందని. ఇగ నిన్ను తిట్టుకుంట. సచ్చేదాక తిట్టుకుంట."

"తిట్టన్నా. వదినెను మాత్రం ఏమనకు."

మొండయ్య వెళ్లిపోయాడు. చాయ్ ముట్టలేదు. అతను వీధి మలుపు తిరిగేదాకా కరుణాకర్ వాకిట్లోనే నిలబడి, లోపలికి వచ్చి పేరు సరిదిద్దడానికి కూర్చున్నాడు.

"గా ఊరి మొఖం గూడ నువ్వు ఎన్నడు చూడలే" అంది గీత, ఏడుస్తూనే. "చెయ్యని తప్పు నెత్తికెందుకు ఎత్తుకున్నవ్? రాసినోళ్ల పేరు చెప్తే అయిపోతుండె గద!"

కరుణాకర్ స్క్రీను ఆమె వైపు తిప్పాడు.

రాసింది సుస్మిత.