పెద్దాయన భోజనం

అచ్చుల గదికి రమ్మని కబురు రాగానే తన వంతు వచ్చేసిందని బామ్మకి తెలిసిపోయింది. ఆవిడ బామ్మ వేషం వేస్తున్న టీవీ సీరియల్లో ఎవరి చేతికైనా అచ్చు తీస్తున్నారంటే ఒకటే అర్థం: వచ్చే వారం వాళ్ళని రాకాసి తినేస్తుంది. మనిషిని మింగాక నోటి అంచున వేలాడే చేతిని మాత్రం రబ్బరుతో పోతపోసి చూపిస్తారు. పాలవాడు అలాగే పోయాడు. ఎదురింటి మేష్టారూ అలాగే పోయారు. పోయిన వారం ఇంటల్లుణ్ణి చెప్పులతో సహా మింగేసింది.

తెర మీద పది అంతస్తుల ఎత్తుండే ఆ రాకాసిని సెట్టులో అందరూ పెద్దాయన అంటారు. నిజానికి ఆయన రబ్బరు తొడుగులో ఉడికిపోతూ, మోకాలెత్తు అట్టమేడల మధ్య అడుగులేసే ఒక బక్కపలచటి మనిషి. బామ్మకీ వేషం పేరే పేరైపోయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

అచ్చుల మేస్త్రి తెల్లటి పిండి కలుపుతూ, పావుగంట పనేనంటూ కూర్చోమన్నాడు. బామ్మ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. కడుక్కొస్తానని చెప్పి బయటికి వచ్చి, కుళాయి దాటుకుని మెట్లెక్కి నేరుగా రచయిత గదికి వెళ్ళింది.

రచయిత మాసిన గడ్డంతో, మూడు చల్లారిన టీ కప్పుల వెనక కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూడగానే తలుపేసుకుందామని లేచాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"నన్ను తినిపించేస్తున్నావా నాయనా?" అంది బామ్మ.

"నన్నేం చెయ్యమంటారండీ? వారానికొకరు పోవాలని ఛానెల్లో పైవాళ్ళు పట్టుబట్టారు. ఇంట్లో మిగిలింది నలుగురే."

బామ్మ కుర్చీ లాక్కుని కూర్చుని మొరపెట్టుకుంది. ఈ వయసులో తనని పిలిచి వేషం ఇచ్చేవాళ్ళు ఎవరని అడిగింది. కిందటి సీరియల్లో తన వేషం గోడ మీద ఫోటో. ఆ సీరియల్ మూడేళ్ళు నడిచింది గానీ ఆవిడకి దొరికింది ఒక్క రోజు పని. ఇక్కడైతే మాటలున్నాయి, పరుగులున్నాయి, రోజూ పొద్దున్నే ఎదురుచూసే మనుషులున్నారు. మళ్ళీ ఆ గోడెక్కే ఓపిక తనకి లేదంది.

రచయిత కలం ఆవిడ ముందుకు తోశాడు. "పోనీ, మీ బదులు ఎవర్ని పెట్టమంటారో మీరే చెప్పండి."

బామ్మ నోరు తెరిచింది. డాక్టరు వేషం వేసేవాడికి ఈ వేషం చూసే పెళ్ళి కుదిరింది. కోడలి వేషం వేసే అమ్మాయి పసిబిడ్డని చంకన వేసుకుని పనికి వస్తోంది. తాతయ్య వేషం ఆయనకి ఇల్లంటూ లేదు, సెట్టులోని మంచం మీదే పడుకుంటాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. ఆవిడ తెరిచిన నోరు మూసేసింది.

"నేను చెప్పలేను."

"వాళ్ళు చెప్పారండీ," అన్నాడు రచయిత తల దించుకుని. "ముగ్గురూ విడివిడిగా వచ్చి మీ పేరే చెప్పారు. పెద్దావిడ, చూడవలసినవన్నీ చూసేసింది కదా అన్నారు."

బామ్మకి కోపం రావలసింది, కానీ ఏడుపొచ్చింది. పొద్దున కోడలి బిడ్డకి జోలపాడి నిద్రపుచ్చింది తనే. తాతయ్యకి రోజూ ఇంటినుంచి డబ్బా కట్టి తెస్తున్నదీ తనే. ఇంక ఎవరితో పోట్లాడాలో, ఎందుకు పోట్లాడాలో ఆవిడకి తోచలేదు. కుర్చీ పట్టుకుని లేచి, వెళ్ళి చెయ్యి ఇచ్చేస్తానంటూ తలుపు వైపు తిరిగింది.

రచయిత ఆవిడ వీపు చూడలేకపోయాడు. "ఆగండి. ఇంక నా వల్ల కాదు. ఈ వారం మీరేడుస్తారు, వచ్చే వారం ఇంకొకరు వచ్చి ఇదే కుర్చీలో ఏడుస్తారు. పెద్దాయన ఎవర్నీ తినడు. ఈ వారమే కాదు, ఇకెప్పుడూ తినడు."

పైవాళ్ళు ఒప్పుకుంటారా అని బామ్మ అడిగింది. వాళ్ళతో తను చెప్పుకుంటానన్నాడు. మాట తప్పనని ఒట్టు వేయించుకుంటే గానీ ఆవిడ మెట్లు దిగలేదు.

కబురు క్షణంలో సెట్టంతా పాకిపోయింది. ముగ్గురూ ఆవిడ మొహం చూడలేక తచ్చాడారు. కోడలు బిడ్డని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. డాక్టరు తన పెళ్ళిలో ఆవిడ ముందువరసలో కూర్చోవాలన్నాడు. తాతయ్య ఏదో నసగబోతే, "పోనిద్దురూ, ప్రాణమంటే ఎవరికి తీపి కాదు?" అంది బామ్మ. ఆ మధ్యాహ్నం డబ్బా విప్పి నలుగురూ కలిసి తిన్నారు.

మూడో రోజు, కొత్త భాగం చదివి వినిపించడానికి అందర్నీ పిలిచారు. పెద్దాయన కూడా తలకాయ ఊడదీసి పక్క కుర్చీలో పెట్టుకుని వినడానికి కూర్చున్నాడు. సహాయ దర్శకుడు చదవడం మొదలుపెట్టాడు. డాక్టరు ఆస్పత్రి నేలమాళిగలో దూరి బతికిపోయాడు. కోడలు బిడ్డతో సహా ఆఖరి రైలు అందుకుంది. తాతయ్యని రాకాసి రెండు వేళ్ళతో ఎత్తి, వాసన చూసి, మళ్ళీ కింద పెట్టేసింది. అక్కడ తాతయ్యతో సహా అందరూ పడీ పడీ నవ్వారు. బామ్మ మేడమీది నీళ్ళ ట్యాంకులో దాక్కుని గండం గట్టెక్కింది. చప్పట్లతో గది మారుమోగింది. రచయిత ఒక్కడే చప్పట్లు కొట్టకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

సహాయ దర్శకుడు ఆఖరి పేజీ తిప్పి, అక్కడున్న రెండు వాక్యాలూ ముందు తనలో తను చదువుకుని, తర్వాత పైకి చదివాడు.

"తినడానికి ఎవరూ దొరక్క, నడివీధిలో రాకాసి ఆకలితో ప్రాణం విడిచింది. సీరియల్ సమాప్తం."