దారివ్వనివాడు

“చూశావా, చూడలేదా? ఒక్క ముక్కలో చెప్పు.”

జట్టు పెద్ద కొంద్రాత్యెవిచ్ తలుపు గడియ పెట్టి మరీ అడిగాడు.

సవేలీ టోపీని చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. “చూశాను.”

“చూసి?”

“దారివ్వలేదు.”

కొంద్రాత్యెవిచ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నెత్తిమీది బరువు దిగినట్టే ఉంది అతని మొహం.

“అలా చెప్పు. పోటీ వేడిలో చోటివ్వలేదంటే మాస్కోవాళ్లకు అర్థమవుతుంది. పిలిచి నాలుగు చీవాట్లు పెడతారు, అక్కడితో సరి. చూడలేదన్నావనుకో, ఎవడు నమ్ముతాడు? విచారణంటారు, కమిషనంటారు. ఈలోగా లండన్ ఫైనల్‌కి వెళ్లేవాళ్లు ఖాయమైపోతారు. మళ్లీ ఈ జన్మలో నీకా అవకాశం వస్తుందా?”

రాదని సవేలీకి తెలుసు. వయసు మీదపడుతోంది. సరిహద్దు దాటడమంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ తెలియని రోజుల్లో వార్సా, ప్రాగ్ తిరిగి పతకాలు తెచ్చినవాడు అతను. లండన్ ఒక్కటే మిగిలింది.

చూడలేదంటే నమ్మేవాళ్లు బలకోవో ఊళ్లో నిజంగానే లేరు. స్టేడియం నిండా జనం ఉన్నారు. ఈ పందెం మోటారుసైకిళ్లకు బ్రేకులుండవు. నలుగురు దిగుతారు, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ నాలుగు చుట్లు కొడతారు. ఆఖరి మలుపులో గేరా బయటినుంచి వచ్చి సవేలీ కుడిపక్కన చేరాడు. చక్రానికి చక్రం తగిలేంత దగ్గర. పరాయివాడు కాదు, తన జట్టువాడే. తను దగ్గరుండి నేర్పినవాడే. సవేలీ ఇసుమంత కూడా లోపలికి జరగలేదు. బయటికి, ఇంకా బయటికి పోయాడు, గేరాని చెక్కల గోడకేసి నొక్కేసేదాకా.

గేరా ఆసుపత్రిదాకా కూడా బతకలేదు.

ఆ మధ్యాహ్నమే గేరా ఇంట్లో తొమ్మిదోరోజు భోజనాలు. సవేలీ వెళ్లాడు. వెళ్లకపోతే జనం ఇంకా అంటారు. అప్పటికే బల్ల నిండిపోయింది, ఒక్కటే కుర్చీ ఖాళీగా ఉంది. దాని కుడిపక్కన గేరా ఫోటో, ఫోటో ముందు పోయినవాడి వాటాగా నింపి పైన రొట్టెముక్క పెట్టిన వోడ్కా గ్లాసు. ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేక మిగిలింది.

సవేలీ కూర్చున్నాడో లేదో, మోచెయ్యి తగిలి ఆ గ్లాసు కాస్తా బోర్లాపడింది.

“వాడి గ్లాసు కూడా వాడికి దక్కనివ్వడు,” అంది ఒకావిడ, వినబడేలాగే.

“విదేశాలు తిరిగొచ్చాక వీడికి కళ్లు నెత్తికెక్కాయమ్మా. వీధిలో పలకరించినా తిరిగి చూడడు.”

“నిన్నగాక మొన్న వచ్చినవాడు దాటిపోతుంటే ఓర్వగలడా? కడుపుమంట!”

గేరా తల్లి తోన్యా తడిగుడ్డతో బల్ల తుడిచింది. మరో గ్లాసు నింపి పెట్టింది. ఆ పక్కనే ఒక పీట లాక్కుని కూర్చుంది. సవేలీ తల్లి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో అతనికి క్యాబేజీ సూపు పోసి పెంచింది ఈవిడే.

“సవ్వా.”

అతను ఉలిక్కిపడి తల పూర్తిగా ఆమెవైపు తిప్పాడు.

“ఒక్క మాట అడుగుతానురా. వీళ్లకోసం కాదు, నాకోసం. వాడు పక్కకి రావడం నువ్వు చూడలేదు కదూ?”

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

“చూడలేదను. నేను నమ్మేస్తాను. ఊరంతా నన్ను పిచ్చిదన్నా సరే, నమ్మేస్తాను. నా చేతి తిండి తిన్నవాడే నా బిడ్డని చంపాడని తెలిస్తే నేనెట్లా బతకనురా? ఆ ఒక్క మాట అనెయ్యి. వాడు పోయాడు, నువ్వైనా ఈ ఇంటికి మిగులు.”

సవేలీకి ఆ మాట అనేసి ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలని ప్రాణం కొట్టుకుంది. బల్లకి అవతల కొంద్రాత్యెవిచ్ ఎత్తిన ఫోర్కు ఎత్తినట్టే పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఇక్కడన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. లండన్ పోతుంది. ఆ తర్వాత బండే పోతుంది. బండి లేకపోతే సవేలీ ఎవడు? ఫ్యాక్టరీలో మరలు కోసే వెయ్యిమందిలో ఒకడు. అతను భయపడింది దానికే. సిగ్గుచేటే, కానీ ఆ భయం ముందు తోన్యా కన్నీళ్లు కూడా చాలలేదు.

“చూశాను పిన్నీ.”

ఆమె అతని ముందున్న కంచాన్ని తీసి పక్కన పెట్టేసింది.

“లే,” అంది. “ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు.”

అతను లేచాడు. గుమ్మం దాటుతుంటే వెనక ఎవరో “థూ” అని ఉమ్మేశారు.

మెట్ల దగ్గర కొంద్రాత్యెవిచ్ పరుగున వచ్చి కలిశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“గుండె రాయి చేసుకున్నావురా. నేనైతే అనలేకపోయేవాణ్ణి. సరే, ప్రయాణానికి ముందు డాక్టరు పరీక్ష ఉంది, రేపు పొద్దున్నే వచ్చెయ్.”

“ఏటా ఉండేదేగా,” అన్నాడు సవేలీ.

దేశంలో ఏ ఆసుపత్రి గోడమీదైనా కంటిపరీక్షకు వేలాడే అక్షరాల పట్టిక ఒక్కటే కాబట్టి, దాన్ని చివరి వరుసదాకా బట్టీపట్టి ఏటా గట్టెక్కుతున్న సవేలీకి, ప్రాగ్‌లో ముందుబండి చక్రం కిందనుంచి ఎగిరిన రాయి తగిలిన నాటినుంచీ కుడికన్ను కనిపించదు.