ముప్ఫై రోజుల ఫిబ్రవరి

ఆయన స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకోగానే ఆవిడ దొంగతనానికి దిగింది.

ఇరవై మూడేళ్ళ కాపురంలో మొగుడి జేబులైనా వెతకని మనిషి, ఇప్పుడు మొగుడి కంప్యూటర్ తెరిచింది. పాస్‌వర్డ్ కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది. ఆయన మరిచిపోతారని ఆవిడే గుర్తుపెట్టుకుంది, ఆయన మరిచిపోయే మిగతా అన్నిటితోపాటు.

'ఆఫీసు' అన్న ఫోల్డర్లో కావలసింది దొరికింది. నెల పేరు ఇస్తే అందులో ఎన్ని రోజులో చెప్పే చిన్న ప్రోగ్రాం. యూనివర్సిటీలో ఆవిడ చేరిన ప్రోగ్రామింగ్ తొలి కోర్సులో మూడో హోంవర్కు సరిగ్గా అదే.

అది అక్కడెందుకుందో ఆవిడకు ఇట్టే తట్టింది. మొన్న భోజనాల దగ్గర ఈ హోంవర్కు సంగతి ఎత్తితే, "ఇదా! కళ్ళు మూసుకుని రాసేస్తానోయ్" అన్నారాయన. రాసేసి, తనను ఏడిపించడానికి దాచిపెట్టి ఉంటారు. ఎంతైనా కంప్యూటర్ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా పాతుకుపోయిన మేనేజరు కదా. ఆవిడ కోర్సులో చేరతానన్న రోజున, "ఈ వయసులో నీకెందుకే? నడుం నొప్పి తప్ప ఏమీ రాదు" అని పొట్ట పట్టుకుని నవ్విన మనిషి.

ఆ నవ్వు కోసమే ఆవిడ చేరింది. పాసై, ఆ సర్టిఫికెట్ ఆయన కంచం పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోవాలని కోరిక.

ఆవిడ సొంతంగా రాసిన ప్రోగ్రాం కూడా ఒకటుంది, లేకపోలేదు. ఏ నెల అడిగినా ముప్ఫై ఒకటి అనేది. అడక్కపోయినా అనేది. మొదటిరోజు క్లాసులో పంచిన నిబంధనల కాగితం ప్రకారం దానికీ సగం మార్కులొస్తాయి. తప్పైనా సరే సొంతంగా రాయాలి, ఒకరిది ఎత్తితే సున్నా, అడిగినప్పుడు ఒప్పుకోకుండా బుకాయిస్తే కోర్సులోంచి పేరే కొట్టేస్తారు అని అందులో స్పష్టంగా ఉంది. ఆవిడ దాన్ని మూడుసార్లు చదివి, కింద గుండ్రంగా సంతకం కూడా పెట్టింది. కానీ సగం మార్కులు తీసుకెళ్ళి ఏ కంచం పక్కన పెడతాం?

కాపీ చేస్తుంటే ఫిబ్రవరికి ముప్ఫై రోజులని కనిపించింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతలోనే, ఇరవై రెండేళ్ళ అనుభవం ముందు తన క్యాలెండర్ జ్ఞానం ఏపాటిదని సిగ్గేసింది. కంప్యూటర్లలో అలాగే ఉంటుంది కాబోలు. పైగా లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

వారం తిరక్కుండా సారు నుంచి పిలుపొచ్చింది. సారుకు ఆవిడ తమ్ముడి కొడుకు వయసుంటుంది. ఇరుకు గది, కాగితాల గుట్టలు, కిటికీలో నీళ్ళకు మొహంవాచిన మొక్క.

"ఇది మీరే రాశారా మేడమ్?"

"నేనే సార్."

"ఫిబ్రవరికి ముప్ఫై రోజులేమిటి?"

"లీపు సంవత్సరం కూడా కలుపుకుని సార్," అంది ఆవిడ, నోటికొచ్చింది.

సారు గుట్టలోంచి ఇంకో కాగితం లాగి పక్కన పెట్టాడు. "సాయంత్రం బ్యాచ్‌లో ఇంకొకరు కూడా ఇలాగే కలుపుకున్నారు. వందమందిలో మీరిద్దరే. అక్షరం పొల్లుపోలేదు."

"సాయంత్రం బ్యాచ్ వాళ్ళ మొహాలే నేనెరగను సార్. ఒట్టు." ఆ రోజు ఆవిడ మనస్ఫూర్తిగా చెప్పిన మొదటి మాట అదే.

"ఆ రెండోవారినీ రమ్మన్నాను. పాపం, ఈ కోర్సు చదవడం ఇది మూడోసారి. పాసవకపోతే ఉద్యోగం నిలవదట. వెనక బెంచీలో బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు."

ఆవిడ బుర్ర చకచకా పనిచేసింది, హోంవర్కప్పుడు చెయ్యనంతగా. తన దగ్గర నుంచి ఎవరూ ఎత్తలేదు. అంటే అది ఆయన దగ్గర నుంచే వెళ్ళింది. ఆయనే ఇచ్చి ఉంటారు. ఎవరికి? ఇంకెవరికి, ఆఫీసులో కొత్తగా చేరిన ఆ గిరజాల జుట్టు పిల్లకే! ఈమధ్య వారానికి మూడు రోజులు మీటింగులంటూ ఆలస్యంగా రావడం ఇందుకన్నమాట. కట్టుకున్నదానికి నడుం నొప్పి, గిరజాల జుట్టుకి ప్రోగ్రామా!

ఆవిడలో దొంగ చచ్చి పోలీసు లేచింది.

"ఒప్పుకుంటున్నాను సార్. మా ఆయన కంప్యూటర్లోంచి ఎత్తాను. సున్నా వేసుకోండి, పేరు కొట్టేసినా సరే. కానీ ఆ రెండో మనిషికి ఇది ఎవరిచ్చారో నా ఎదురుగా అడగాలి మీరు."

"మీవారు కంప్యూటర్ల మనిషా? మరి ఫిబ్రవరి..."

"వారి సంగతి నేను ఇంటికెళ్ళి తేలుస్తాను. ముందు దీని సంగతి తేల్చండి."

తలుపు మీద మెల్లగా, భయంభయంగా చప్పుడైంది. ఆవిడ లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, గిరజాల జుట్టుకు వడ్డించాల్సిన నాలుగు మాటలూ నాలుక చివరికి తెచ్చుకుని నిలబడింది.

"రండి," అన్నాడు సారు.

"ఈసారికి వదిలేయండి సార్, ఇంట్లో తెలిస్తే పరువుపోతుంది" అంటూ, పుస్తకాల సంచీ గుండెకు హత్తుకుని, తల దించుకుని లోపలికొచ్చింది ఆవిడ మొగుడు.