పది అడుగుల తేడా

"తెరచాప పడవకు చార్ట్ ప్లాటరా?"

ఉపేందర్‌కు నవ్వాగలేదు. కోదాడలో వలలు, పడవ మోటార్లు అమ్మే దుకాణం అతనిది. నీళ్ల మీద దారి చూపే ఆ తెరలను మోటారు పడవలవాళ్లే కొంటారు. ఎదురుగా నిలబడ్డ పెద్దాయన పడవకు మోటారే లేదట. టార్పాలిన్‌తో కుట్టుకున్న తెరచాప, ఒక చుక్కాని, అంతే.

"ముందు మోటారు పెట్టించుకో పెద్దాయనా. తెర సంగతి తర్వాత చూద్దాం."

"మోటరొద్దు బిడ్డా. చప్పుడు జేస్తది," అన్నాడు సత్యానందం. "తెర చాలు. చుక్కాని పక్కన బిగించుకుంట."

ఉపేందర్ నోరు తెరిచాడంటే ప్రాజెక్టు గేట్లు ఎత్తినట్టే. పెద్ద తెర ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని రంగులు చూపించాడు, మ్యాపులు చూపించాడు. వేలితో తాకితే చాలన్నాడు. కింద చేపల గుంపు కనబడితే అదే కూత పెడుతుందన్నాడు.

సత్యానందం అంతా ఓపికగా విన్నాడు. కళ్లద్దాలు తువ్వాలుతో తుడుచుకుని ఒక్క మాట అడిగాడు.

"ఒక జాగ గుర్తు పెట్టుకుంటే, మళ్ల సరిగ్గ ఆడికే తీస్కపోతదా?"

"ఎందుకు తీసుకుపోదు? మహా అయితే ఓ పది అడుగులు అటూ ఇటూ."

"పది అడుగులా?" పెద్దాయన ముఖం వాడిపోయింది. "పది అడుగులు జరిగితే జయరాజు జాగల పడ్త గద బిడ్డా."

ఉపేందర్‌కు విషయం అర్థమైపోయింది. కృష్ణా నదిలో వలలేసేవాళ్ల పంచాయితీలు అతనికి కొత్త కాదు. నా జాగాలో నువ్వెట్లా వేశావని కొట్టుకుని, వలలు చింపుకుని, కొత్తవి కొనుక్కోవడానికి ఈ దుకాణానికే వస్తారు.

"జయరాజుతో ఏమన్న గొడవా?"

"ఛ, మంచోడు. పాపం, ఆయన దిక్కు ఎవ్వరు రారు. పోయినేడు నేను దారి తప్పి ఆయన కాడనే ఆగిన. ఒక చెయ్యి చుక్కాని మీద, ఇంకో చెయ్యి తెరచాప తాడు మీద. ఇగ ఫోన్ల గుర్తు ఎట్ల సూడాలె? తెల్లారినంక సూసుకుంటే అది మా జాగ కాదు. గది యాదికొస్తే నిద్ర పడ్తలేదు బిడ్డా. ఈ ఆదివారమన్న తప్పొద్దు. పొద్దు పొడవకముందే ఆడుండాలె."

చేపల కోసం ఇంత పరేషాన్ అయ్యే మనిషిని ఉపేందర్ ఇంతవరకు చూడలేదు. అయినా బేరం బేరమే. అలమర పైనుంచి ఇంకో తెర దించాడు. చిన్నది. తాకే తెర కాదు, బటన్లు. నీళ్లడుగు ఎట్లా ఉందో గీతల్లో చూపిస్తుంది.

"ఇందులో చేపలు చిన్న చుక్కల్లా కనబడతయి."

"రాయి కనబడ్తదా?"

"రాయేంటి?"

"నీళ్లడుగున నిలువు రాయి ఉంటే కనబడ్తదా అని."

"ఎందుకు కనబడదు? రాళ్లు, మొద్దులు, అన్నీ కనబడతయి. నీ వల చిరగదులే."

సత్యానందం పెద్ద తెరను పక్కకు జరిపాడు. చిన్నదాన్ని రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నాడు. "ఇదియ్యి. ఆ పది అడుగులు రాయిని బట్టి నేనే సర్దుకుంట. దీని కూత మాత్రం బందుపెట్టు."

రెండేళ్ల కిందట నీళ్లు బాగా దిగినప్పుడు ఆ జాగాను వాళ్ల ఊరి రూప టీచరమ్మ ఆయన ఫోన్లో గుర్తు పెట్టి ఇచ్చిందట. ఉపేందర్ ఆ గుర్తును తెరలోకి ఎక్కిస్తూ మాటలో మాటగా అడిగాడు.

"తోడెవరొస్తరు?"

"ఒక్కన్నే."

"ఈ వయసులో నీళ్ల మీద ఒక్కడివేనా? ఇంటామె ఏమనదా?"

"బాలమ్మనా? ఆమె ఊర్లనే ఉండిపోయింది. నేనే ఇటొచ్చిన. అనంతగిరి కాడ అర్ర కిరాయికి తీస్కున్న." సత్యానందం బల్ల మీద లేని దుమ్మును వేలితో తుడిచాడు. "ఆమెను తీస్కరాలేకపోయిన."

"మరి వంటా అదీ?"

"ఒక్కనికేం వంట బిడ్డా. పొద్దుగాల వండిందే మాపటికి. మాట్లాడేటందుకే మనిషి లేడు. టీవీ పెట్టుకుని దానికే జవాబు చెప్త."

ఉపేందర్‌కు జాలేసింది. ఏ మాట పట్టింపుతోనో విడిపోయి ఉంటారు. చేపల మీద పెట్టిన ధ్యాసలో సగం ఇంటామె మీద పెట్టి ఉంటే ఆమె ఈపాటికి వచ్చేసేది కాదా? మనసులో మాట దాచుకునే అలవాటు అతనికి ఎలాగూ లేదు.

"ఓ మాట చెప్పనా పెద్దాయనా? చేపలు ఎక్కడికీ పోవు. ముందు పోయి ఇంటామెను పలకరించు. ఎదురుచూస్తుంటది."

సత్యానందం తలెత్తి అతని వైపు చూశాడు. "పోత బిడ్డా," అన్నాడు.

తెరను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. సంచిలో అప్పటికే కొవ్వొత్తుల ప్యాకెట్ ఉంది.

"కొవ్వొత్తులెందుకు? కరెంటు పోతుందా?"

"ఆడ కరెంటు లేదు."

బిగించుకునే క్లాంపు ఒకటి ఊరికే ఇచ్చి ఉపేందర్ మెట్ల దాకా సాగనంపాడు. ఈ సలహాతో ఒక కాపురం నిలబడుతుందేమోనని ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ఈస్టర్ ఆదివారం పొద్దు పొడవకముందే, ప్రాజెక్టులో మునిగిపోయిన ఊరికి పైన, బాలమ్మ సమాధి రాయి నిలువు గీతగా తెర మీద కనబడ్డచోట సత్యానందం తెరచాప దించి, కొవ్వొత్తి వెలిగించి, చామంతులు ఒక్కొక్కటే నీళ్లలోకి వదిలాడు.